చంటిగాడి లాంగ్ నోట్‌బుక్

డాక్టరమ్మ స్కాన్ రిపోర్టు మీద పెన్ను పెట్టి చూపించింది. గర్భసంచి తీసెయ్యాలి, అయిదు రోజులు ఆస్పత్రిలో ఉండాలి, ఇంటికెళ్ళాక ఆరు వారాలు నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదు. చెప్పి, నేను ఏడుస్తానేమోనని కాసేపు ఆగింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "మరి చంటిగాడో?"

"చిన్నపిల్లలున్నారా? అమ్మగారింట్లో వదలండి."

"పిల్లాడు కాదండి. మా తమ్ముడు. 42 ఏళ్ళు."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఈ ముక్క చెప్పగానే ఎక్కడైనా ఇదే చూపు, నాకు అలవాటే. చంటికి డౌన్ సిండ్రోమ్. మనందరికీ 21వ క్రోమోజోము రెండేసి ఉంటే వాడికి మూడు ఉన్నాయి. లెక్కల టీచర్ని కదా, ఎవరడిగినా ఒకటి ఎక్కువైందండీ, తక్కువ కాలేదు అని చెప్తాను. నవ్వినవాళ్ళతో స్నేహం చేస్తాను. అయ్యో పాపం అన్నవాళ్ళకి టీ ఇచ్చి పంపేస్తాను.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. మా ఆయన రైల్వేలో లోకో పైలట్. కిరండూల్ లైన్లో డ్యూటీ పడిందంటే మనిషి ఎప్పుడు ఇంటికొస్తాడో ఆయనకే తెలీదు. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. చంటి ఉదయం పదింటి నుంచి మూడింటి దాకా డే సెంటర్‌లో ఉంటాడు. మిగతా పందొమ్మిది గంటలకీ నేనే. ఆ పందొమ్మిది గంటల్ని అయిదు రోజులపాటు ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఆపరేషన్ కంటే పెద్ద సమస్య అయి కూర్చుంది.

మా ఆయన అన్నారు, "ఇంత పెద్ద ఊరు, అయిదు రోజులు ఉంచుకునే చోటే ఉండదా?" నేనూ అలాగే అనుకుని ఫోన్లు మొదలుపెట్టాను.

ఒక చోట పద్దెనిమిది దాటితే తీసుకోం అన్నారు. ఇంకోచోట ఆడపిల్లలకైతే ఉందన్నారు, మగవాళ్ళకి లేదట. మూడో చోట ఫోనెత్తినాయన బాగానే మాట్లాడాడు, అన్నీ అడిగాడు, బాత్రూముకి తనే వెళ్తాడా, ఎవరినైనా కొడతాడా, ఫిట్సు ఉన్నాయా. అంతా విని, "శాశ్వతంగా వదిలేస్తానంటే చూద్దాం మేడమ్. అయిదు రోజులకైతే మాకు కుదరదు" అన్నాడు. నేను ఫోను చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయాను. జీవితాంతం వదిలేస్తే చోటుంటుంది. వారం తిరక్కుండా వచ్చి తీసుకెళ్ళిపోతానంటే ఉండదు.

నాలుగో చోటికి చంటిని తీసుకుని స్వయంగా వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం గేటుకి తాళం. లోపల వరండాలో మగవాళ్ళు వరసగా గోడకి ఆనుకుని కూర్చున్నారు, అందరికీ ఒకే గళ్ళ చొక్కా, ఒకే క్షవరం. ఫినాయిలు వాసన. ఎవరూ ఏ పనీ చెయ్యటం లేదు, మాట్లాడుకోవటం కూడా లేదు. మా వాడు నా కొంగు పట్టుకుని "అప్పా, ఇంటికి" అన్నాడు (అప్ప అంటే అక్క). వాడు మాటలు చాలా పొదుపుగా వాడతాడు. అన్నాడంటే దానికి అప్పీలు ఉండదు. ఆటో ఎక్కేశాం.

కాగితం మీద లేకపోలేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం. దాని కింద 2015లో పథకాలు పెట్టారు. చిన్నపిల్లలకి దిశ, పదేళ్ళు దాటినవాళ్ళకి పగటిపూట ఉండడానికి వికాస్, కొద్దిరోజుల బసకి సమర్థ్, జీవితాంతం ఉండే ఇళ్ళకి ఘరౌండా. ఆ సమర్థ్ అన్న మాట చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లోవాళ్ళకి జబ్బు చేసినా, పెళ్ళికి ఊరెళ్ళాల్సి వచ్చినా, ఊరికే అలిసిపోయినా కూడా కొన్నాళ్ళు అప్పజెప్పొచ్చు అన్నది దాని ఉద్దేశం. ఊరికే అలిసిపోయినా! అలాంటి ఉద్దేశం ప్రభుత్వ పథకాల్లో ఉంటుందని నేను కలగనలేదు. కానీ మా ఇంటినుంచి ఆటోలో వెళ్ళగలిగే దూరంలో, 42 ఏళ్ళ మగవాడికి, ఆ అయిదు రోజులకి, నాకు దొరకలేదు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి.

చంటి 1983లో పుట్టాడు. వాడికి ఆరేళ్ళప్పుడు నాన్న గోదావరి ఎక్కించి సికింద్రాబాదు తీసుకెళ్ళాడు. అక్కడ మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్రప్రభుత్వం వాళ్ళు జాతీయ సంస్థ పెట్టారు, ఇప్పుడు దాని పేరు మారింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ మనోవికాసే. అక్కడివాళ్ళు చెప్పారట, ఇది జబ్బు కాదు, దీనికి మందు లేదు, ఓపిగ్గా నేర్పించుకోవాలి అని. నాన్నకి "మందు లేదు" అన్నది వినపడింది. అమ్మకి "నేర్పించుకోవాలి" అన్నది వినపడింది. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు, ఇంటికొచ్చి మాటా పలుకూ లేకుండా పడుకునేవాడు. అమ్మ వాడికి చెంచా పట్టుకోవడం నేర్పింది, దొడ్లో కూర్చోవడం నేర్పింది, బట్టలు మడతపెట్టడం నేర్పింది. ఇవాళ్టికీ మా ఇంట్లో దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడతపెట్టగలిగేది వాడొక్కడే.

కానీ అమ్మ వాణ్ణి దాచింది కూడా. 2011లో జనాభా లెక్కలకి ఒక టీచరమ్మ వచ్చి, ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా అని అడిగితే, "లేరమ్మా" అంది. గదిలో వాడు టీవీ చూస్తున్నాడు. దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు 15 లక్షల పైచిలుకని ఆ లెక్కల్లో తేలింది. ఆ 15 లక్షల్లో మా చంటిగాడు లేడు. ఎందుకలా అన్నావంటే, "రాసుకెళ్ళిపోతే ఆణ్ణి పట్టుకుపోతారేమోనని" అంది. నేను నవ్వాను. గళ్ళ చొక్కాల వరండా చూసొచ్చాక ఆ మాట గుర్తొచ్చి నవ్వు రాలేదు.

నాలుగేళ్ళ కిందట అమ్మ పోయింది. మూడో రోజునుంచి వాడు రాత్రిళ్ళు పడుకోవడం మానేశాడు. మంచం మీద కూర్చుని తలుపు వంక చూస్తూ ఉండేవాడు. అమ్మ కోసమే అనుకున్నాం. డాక్టరు నిద్రమాత్ర రాశాడు, దాంతో పగలంతా తూలేవాడు. ఇలా రెండు నెలలు. ఒకరోజు ఎదురింటి పిన్ని (చుట్టమేం కాదు, వీధి పిన్ని) ఏదో మాటల్లో అడిగింది, "ఆడికి పడుకోబోయే ముందు కాళ్ళు కడుగుతున్నావేటే? మీ యమ్మ గోలెం కాడ కూకోబెట్టి రోజూ కడిగీది. అప్పుడు గానీ పడుకోడు గుంటడు" అని.

ఆ రాత్రి గోరువెచ్చని నీళ్ళు కాళ్ళ మీద పోసి, తువ్వాలుతో తుడిచాను. వాడు తిన్నగా వెళ్ళి పడుకున్నాడు. పది నిమిషాల్లో గురక. నేను గోలెం దగ్గరే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. 38 ఏళ్ళు అమ్మ తల్లో ఉన్నదంతా అమ్మతోనే కాటికి వెళ్ళిపోయింది. ఎదురింటావిడ సాయంత్రాలు అరుగు మీద కూర్చునే మనిషి కాకపోయుంటే ఈ ఒక్కటీ దొరికేది కాదు.

అప్పుడే నేను కూడా అమ్మలాగే తయారవుతున్నానని తెలియాల్సింది. తెలియలేదు. డాక్టరమ్మ రిపోర్టు మీద పెన్ను పెట్టేదాకా.

డే సెంటర్ సంగతికొస్తే, అక్కడికి వాడు 39వ ఏట వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదటిరోజు అక్కడి స్పెషల్ ఎడ్యుకేటర్ నన్ను వదిలేసి వాణ్ణే అడిగింది, "మీ పేరేంటండి?" అని. వాడు చెప్పాడు, అసలు పేరు, నత్తినత్తిగా. అప్పట్నుంచి వాడక్కడ ఫలానా గారు. ఇంట్లో మేమెవరైనా ఇప్పుడు చంటీ అని కేకేస్తే ఒక్కోసారి పలకడు, పూర్తి పేరు "గారు" కలిపి పిలిస్తేనే వస్తాడు. మా ఆయన అందరిముందూ "బావమరిదిగారూ" అంటారు, వాడికి అదీ సమ్మతమే.

ఆ అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది, పాతికేళ్ళ టీచరు ఉద్యోగంలో ఎవరూ నాకు చెప్పలేదు. వెనకనుంచి నేర్పడం. టీషర్టు వేసుకోవడం ఉంది చూడండి, అందులో మెట్లు విడగొడతారు: తల దూర్చడం, కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కిందకి లాక్కోవడం. మనం మామూలుగా మొదటి మెట్టునుంచి మొదలెట్టి, వాడికి రాక, విసుక్కుని, మిగతాది మనమే చేసేస్తాం. పని పూర్తిచేసిన సంతోషం మనకి, చేతకాలేదన్న నీరసం వాడికి. వాళ్ళు తలా చేతులూ అన్నీ తామే తొడిగి, ఆఖరిది మాత్రం, కిందకి లాక్కోవడం మాత్రం, వాడికి వదిలేస్తారు. లాక్కున్నాడా, అయిపోయింది, వేసేసుకున్నావు శెభాష్! అది వచ్చాక ఎడమచెయ్యి కూడా వాడికే. ఆ తర్వాత కుడిచెయ్యి. ఎప్పుడైనా పని ముగించేది వాడే. నాలుగు నెలలు పట్టింది. 38 ఏళ్ళు అమ్మా, ఆ తర్వాత నేనూ తొడిగిన చొక్కా, నలభయ్యో ఏట తనే వేసుకుని వంటింట్లోకొచ్చి నిలబడ్డాడు. తిరగేసి వేసుకున్నాడు. నేను సరిచెయ్యలేదు. ఆ రోజంతా ఆ లేబులు గొంతుకిందే ఉంది. తర్వాతి వారం తొమ్మిదో తరగతిలో సమీకరణాలు ఇలాగే చెప్పి చూశాను, చివరి మెట్టు పిల్లలకి వదిలి. అది వేరే కథ.

అక్కడ పేపరు కవర్లు చేస్తారు, దీపావళికి ప్రమిదలకి రంగులేస్తారు. నెలాఖరుకి వాడి చేతికి కవరులో కొంత డబ్బు ఇస్తారు. ఎంతని అడక్కండి, చంటి అది ఊర్వశి జంక్షన్ దాటకముందే మిక్చరు పొట్లంగా మార్చేస్తాడు.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఈ బ్లాగు చదివి మెయిలు పెట్టేవాళ్ళు ఎక్కువమంది అదే అడుగుతారు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ముందు చేయించుకోండి, మిగతా అన్నిటికీ అవే తాళంచెవులు. వీటికి ఐక్యూ పరీక్షతో పాటు సోషల్ మెచ్యూరిటీ అని ఇంకోటి చేస్తారు, వీధిలోకి ఒంటరిగా వెళ్ళగలడా, డబ్బు తెలుసా, స్నానం చేసుకుంటాడా అంటూ. ఆ లెక్కన మా వాడు మధ్యస్థం, 75 శాతం. ఒక మనిషిలో 75 శాతం వైకల్యం అంటే ఏమిటో నా లెక్కల బుర్రకి ఇప్పటికీ ఎక్కదు. మిగతా 25 ఏమిటి, పొద్దున్నే పాలప్యాకెట్లు తేవడమా? ఇక పద్దెనిమిది దాటాక చట్టం దృష్టిలో వాళ్ళు పెద్దవాళ్ళు, తల్లయినా తండ్రయినా వాళ్ళ తరఫున సంతకం చెల్లదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది, అందులో ఒక స్వచ్ఛందసంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు కూడా ఉంటారు. గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ వాళ్ళిస్తారు. నాన్న పోర్టు ఫ్యామిలీ పెన్షన్ అమ్మ తర్వాత చంటికి రావడానికి నాకు అదే ఆధారమైంది. తల్లిదండ్రులు బతికుండగానే చేయించుకోండి, పోయాక పరిగెత్తకండి. నిరామయ అని ఆరోగ్యబీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, చేరేముందు వైద్యపరీక్షలేమీ ఉండవు, ఓపీకీ థెరపీలకీ కూడా వర్తిస్తుంది. రైల్లో స్లీపరుకీ థర్డ్ ఏసీకీ 75 శాతం రాయితీ, వెంట వెళ్ళేవాళ్ళకి కూడా.

పింఛను మాకు రాదు, ఇంట్లో సర్కారు జీతం ఉంది. కానీ చంటి పక్కన కూర్చుని కవర్లు అతికించే అబ్బాయి వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పనిచేస్తుంది. 2024 జులైలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయిన నెలలో ఆవిడ ఒక ఇల్లు మానేసింది. "మూడున్నరకి ఆడు ఇంటికొచ్చేసరికి నేనుంటన్నానమ్మా ఇప్పుడు" అంది. పథకాల గురించి పేపర్లో వచ్చే అంకెలన్నిటికంటే నాకు ఆ ఒక్క ఇల్లు మానెయ్యడం బాగా అర్థమైంది.

సరే, అయిదు రోజులు.

చోటు దొరకనప్పుడు సెంటర్ అమ్మాయే అంది, "మేడమ్, ఆయన్ని వేరే చోటికి పంపడం ఎందుకు, ఆయన ఇంట్లోనే ఉంటారు. మీరు చేసేవన్నీ రాసివ్వండి, మనుషుల్ని చూద్దాం" అని. ఆ రాత్రి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాను. రెండు పేజీల్లో తెమిలిపోతుంది అనుకున్నాను. వారం పట్టింది.

"లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర. అరగంట దాకా టీ అడుగుతాడు, ఇవ్వకండి. గడియారం చూపించండి, పెద్ద ముల్లు కిందికి రావాలి." "ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడిపక్కన నిలబడి మాట్లాడండి. పలకకపోతే పొగరు కాదు." "మెడ పట్టుకుని ఆటలాడొద్దు, పిల్లిమొగ్గలు వెయ్యనివ్వొద్దు. మెడ పైనున్న ఎముకల కీలు వీళ్ళకి వదులుగా ఉండొచ్చు." "ఇడ్లీ ఒకటి తిన్నాకే రెండోది వెయ్యాలి. ఒక్కసారే పెడితే నమలకుండా మింగుతాడు, కొరబోతుంది."

ఇక వాడి భాష. తెల్లది అంటే పెరుగన్నం. తెల్లది అంటే నర్సు కూడా, రక్తం తీస్తారు కాబట్టి భయం. ముఖం చూసి ఏ తెల్లదో తెలుసుకోవాలి. "బావ" అంటే మా ఆయనా, ఏ రైలింజనయినా. "రేపు" అంటే రేపు కాదు. ఇప్పుడు కానిదంతా రేపే. నిన్నా రేపే, పోయినేడూ రేపే. "రేపు అమ్మ పూరీ" అంటే అమ్మ ఎప్పుడో పూరీ చేసిందని. ఇది రాస్తున్నప్పుడు పెన్ను కాసేపు పక్కన పెట్టేశాను.

ఆ అమ్మాయి నోట్‌బుక్ చూసి ఇంకో సంగతి చెప్పింది. వాడికి చేతకానివే కాదు, ఏవేవి చేతనవునో కూడా తారీకు వేసి రాయమంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి నలభై దాటాక మతిమరుపు జబ్బు మనకంటే చాలా ముందుగా రావచ్చట. వచ్చిన పనులు ఒక్కొక్కటీ పోతుంటే, ముందు రాసిపెట్టి ఉంటేనే పోయిందని తెలుస్తుంది. లేకపోతే డాక్టరు కూడా, వాడికి ఎప్పుడూ రాదేమో అనుకుంటాడు. ఒక్కోసారి అది మతిమరుపు కాకపోవచ్చు కూడా, థైరాయిడ్ తగ్గడమో చెవిలో గుబిలి గడ్డకట్టడమో అయినా ఇలాగే కనపడుతుంది. అందుకని వెనక పేజీలనుంచి ఇంకో జాబితా మొదలెట్టాను. దుప్పటి మడత, పాలప్యాకెట్లు, టీషర్టు, పచ్చిబఠాణీ ఒలవడం, కుక్కరు విజిల్స్ వేళ్ళమీద మూడుదాకా లెక్కపెట్టడం. మూడు తర్వాత "చాలు" అంటాడు. అదే మా ఇంట్లో పప్పు ఉడకడానికి కొలత.

మనుషులు ఇలా కుదిరారు. సెంటర్‌లో ఆయాగా చేసే ఆమె రాత్రిళ్ళు మా ఇంట్లో పడుకోవడానికి ఒప్పుకుంది, రాత్రికి 800 ఇస్తానన్నాను, 600 చాలంది, 800 ఇచ్చాను. సాయంత్రం మూడింటినుంచి ఏడు దాకా ఎదురింటి పిన్ని. పొద్దున్న పాలబూత్‌కి వెళ్ళొచ్చే దారిలో టీ బడ్డీ అతను ఒక కన్నేసి ఉంచుతాడు, అది అతను ఎప్పుడూ చేసేదే, కాకపోతే ఇప్పుడు అడిగి పెట్టుకున్నాం, ఫోను నంబరు తీసుకున్నాం. మా ఆయనకి రెండు రోజులు సెలవు దొరికింది, అబ్బాయి శనాదివారాలు వచ్చాడు. మా పెద్దమ్మ ఒకావిడ ఫోన్ చేసి "ఆశ్రమంలో పడెయ్యక ఈ అవస్థ ఎందుకే నీకు" అంది. ఆవిడ పేరు నోట్‌బుక్‌లో లేదు.

పది రోజుల ముందు రిహార్సల్ పెట్టాం. శుక్రవారం రాత్రి నేను పిన్నివాళ్ళింట్లో పడుకున్నాను, కిటికీలోంచి మా ఇంట్లో లైటు కనపడుతుంది. తొమ్మిదింటికి "అప్పా" అని కేక. తొమ్మిదిన్నరకి ఇంకా పెద్ద కేక. నేను లేవబోతే పిన్ని రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏటే, రేపు ఆస్పత్రి మంచమ్మీంచి కూడా లేసి పరిగెడతావా?" పదకొండింటికి గోలెం దగ్గర నీళ్ళ చప్పుడు వినపడింది. లైటు ఆరింది. వాడు పడుకున్నాడు. నేను పడుకోలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, బాగానే అయింది. మూడోరోజు మా ఆయన చంటిని చూడ్డానికి తీసుకొచ్చారు. నర్సుల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు, "తెల్లది" అని. కాసేపు అక్కణ్ణుంచే నన్ను చూసి, చెయ్యి ఊపి, "అప్ప రేపు" అని మా ఆయన చెయ్యి పట్టుకు లాగాడు. వాడి రేపు నిన్నో మొన్నో తెలీదు గానీ, ఆ ఒక్కసారి మాత్రం అందరి రేపులాగే వినపడింది నాకు.

ఇంటికొచ్చాక అందరికంటే ముందు నోట్‌బుక్ అడిగాను. నా నీలంసిరా అక్షరాల కింద వేరే చేతిరాతలు. ఆయమ్మది పెన్సిలు, పెద్దపెద్ద అక్షరాలు, ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి. "ఇడ్లి మూడు తిన్నాడు. నమిలేడు." "తల దువ్వనివ్వలేదు. పాట పాడేను. దువ్వనిచ్చేడు." నాలుగేళ్ళుగా తల దువ్వడానికి నేను వాడితో కుస్తీ పడుతున్నాను. నాకు పాట తట్టలేదు. పిన్ని రాయలేదు, ఆవిడ చెప్తే మా అబ్బాయి రాశాడు: "మావయ్య సాయంత్రం అయిదింటికి గూడ్సు పోతే గానీ లోపలికి రాడు. అది పోయేదాకా పిలవొద్దు." అన్నాళ్ళూ రోజూ అయిదింటికి లాక్కొచ్చేదాన్ని నేనే. టీ బడ్డీ అతను తన నంబరు కింద ఒకే ముక్క రాశాడు, అరగ్లాసు పోస్తే ఒలకబోస్తాడు, పావే పొయ్యాలని.

నాలుగోరోజు దగ్గర ఆయమ్మ రాసింది చదివి మాత్రం లేచి కూర్చున్నాను, కుట్లు లాగాయి. "సేపలు తిన్నాడు."

మా ఇంట్లో వాడికి చేప పెట్టం. ముల్లు గుచ్చుకుంటుందని అమ్మ ఎప్పుడూ పెట్టలేదు, అమ్మ పెట్టలేదని నేనూ పెట్టలేదు. వాడికి ఇష్టం ఉండదు అని నోట్‌బుక్‌లో కూడా రాశాను, 17వ పేజీలో. ఆయమ్మ తనకోసం తెచ్చుకున్న పులుసు చూసి చెయ్యి చాపాడట. ముల్లు తీసి పెట్టిందట. రెండో వాయి కూడా అడిగాడట.

మీరు అడగొచ్చు, మరి బాగానే జరిగిపోయింది కదా, ఇంకెందుకు ఈ గోల అని. చెప్తాను. పిన్ని సంక్రాంతి తర్వాత కొడుకు దగ్గరకి హైదరాబాదు వెళ్ళిపోతోంది. ఆయమ్మ మోకాళ్ళు అరిగిపోతున్నాయి. టీ బడ్డీ ఉన్న చోట కాలవ పని మొదలవుతుందంటున్నారు. మంచివాళ్ళ మీద నడిచిందంతా వాళ్ళు కదిలితే ఆగిపోతుంది. నాకు మంచివాళ్ళు దొరికారు, అందరికీ దొరకరు. మన ఊళ్ళోనే బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం లెబెన్స్‌హిల్ఫే అని ఒక సంస్థ ఉంది, ఆ జర్మన్ మాటకి బతకడానికి సాయం అని అర్థమట. ఆ మాటలో ఎవరి బతుకు అన్నది లేదు, నాకు నచ్చిందదే. వాడి బతుకూ, నాదీ కూడా. నాకు కావలసింది పెద్ద భవనం కాదు. అద్దె ఇంట్లో నాలుగు మంచాలు, జీతమిచ్చి పెట్టుకున్న, శిక్షణ ఉన్న ఇద్దరు మనుషులు, అయిదు రోజులుంటాడు అంటే సరే అనే ఒక ఫోను. పగటి సెంటర్లు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏడాది డబ్బు ముందే కట్టడానికి నేను సిద్ధం, నాతోపాటు కట్టేవాళ్ళు సెంటర్ తల్లిదండ్రుల్లోనే ఆరుగురున్నారు, అడిగే రాస్తున్నాను.

పైవాటాలో కొత్తగా దిగినవాళ్ళకి డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. మొన్న నోట్‌బుక్ తీసుకెళ్ళింది, ఒక రాత్రిలో చదివేసి, "రేపు" గురించిన పేజీ ఫొటో తీసుకోవచ్చా ఆంటీ అని అడిగింది. ఇప్పటికి సాయంత్రాలు పావుగంట వచ్చి కూర్చుంటోంది. చంటి ఇంకా ఆ అమ్మాయికి కుడిపక్క చోటివ్వలేదు.

17వ పేజీ కొట్టేశాను. ఆదివారం ఆయమ్మ వచ్చి ముల్లు తియ్యడం నాకు నేర్పుతానంది. వంజరం తెస్తానంటే వద్దంది. "దాన్లో ఏటుంటాదమ్మా, ఒకటే ముల్లు. కవళ్ళు తే, సేతికి అలవాటవుతాది."